కాలి నడక, చేతి పని: పెద్దవారి కదలికలను ఇంటి దగ్గరే పరిశీలించే పద్ధతి

ఇళ్ళకు వెళ్ళి పెద్దవారి కదలికలు పరీక్షించే పని నాది. నరసాపురం దగ్గర ఒక ఊరిలో మోకాళ్ళ నొప్పులని నన్ను పిలిపించారు. ఆ ఇంట్లో మామ్మగారి మంచం కింద లేసు అల్లిక సంచి కనిపించింది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. "అల్లడం మానేశారా మామ్మగారూ?" అని అడిగాను. "చూపు ఆనడం లేదమ్మా" అన్నారు. కోడలు ఆశ్చర్యపోయింది. అత్తగారు అల్లిక మానేసి ఎనిమిది నెలలైందని ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు. కళ్ళద్దాలు పెట్టించి చూస్తే సూది కొక్కెం ఆమెకు బాగానే కనిపిస్తోంది. మాట విననిది కుడి చేయి. బొటనవేలిని చూపుడు వేలికి తాకిస్తూ పదిసార్లు కదపమంటే, నాలుగోసారికే కదలిక చిన్నదైపోయింది, ఏడోసారికి ఆగిపోయింది. నరాల వైద్యుని దగ్గరకు పంపితే పార్కిన్సన్స్ జబ్బు (కదలికలు మందగించే మెదడు జబ్బు) తొలి దశ అని తేలింది.

ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఒక్కటే వెతుకుతాను: ఈ పెద్దాయన, ఈ పెద్దావిడ ఏ పని వదిలేశారు? పెద్దవారు తమ వల్ల కాని పనిని చెప్పుకోరు. మెల్లగా మానేస్తారు, మానేసినందుకు ఒక మంచి కారణం చెబుతారు. పిల్లలేమో "వయసు కదా" అని సరిపెట్టుకుంటారు. వయసు జబ్బు పేరు కాదు. నడక మందగించినా, వేలు వణికినా దాని వెనుక పేరున్న కారణం ఒకటి ఉంటుంది, వాటిలో చాలా వాటికి వైద్యం ఉంది.

కదలికలను మేము రెండు రకాలుగా చూస్తాం. లేవడం, నిలబడడం, నడవడం, మెట్లెక్కడం వంటి పెద్ద కండరాల పనులు స్థూల కదలికలు. బొత్తాం పెట్టుకోవడం, సంతకం చేయడం, మాత్ర చీల్చుకోవడం, అన్నం ముద్ద కలుపుకోవడం వంటి వేళ్ళ పనులు సూక్ష్మ కదలికలు. చాలామంది మొదటివాటినే చూసి రెండోవాటిని వదిలేస్తారు. మనిషి కాలువ రేవు దాకా వెళ్ళగలగడానికి మొదటివి కావాలి, తన పంచె తాను కట్టుకుని గౌరవంగా బతకడానికి రెండోవి కావాలి. రెండూ కలిపి చూస్తేనే జబ్బు ఆనవాలు దొరుకుతుంది. కింద చెప్పిన పద్ధతిని ఇంట్లో కొడుకైనా, కూతురైనా, కోడలైనా, ఊరి ఆశా కార్యకర్త అయినా చేయవచ్చు. జబ్బు పేరు చెప్పేది మాత్రం వైద్యులే.

ముందుగా, ఎప్పుడు చేయకూడదు

మాట ఒక్కసారిగా తడబడినా, మూతి పక్కకు వెళ్ళినా, ఒక వైపు చేయి లేదా కాలు జారిపోయినా అది పక్షవాతం కావచ్చు. పరీక్షలతో కాలయాపన చేయకుండా 108కి ఫోను చేయండి. లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందును మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. కోనసీమలో లంక ఊళ్ళ నుంచి ఏటి పాయ దాటి ఆసుపత్రికి చేరేసరికే ఎంత సమయం పోతుందో మీకు తెలుసు. ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం ఉన్న రోజున, ఈ మధ్యనే ఎముక విరిగినా, శస్త్రచికిత్స జరిగినా కూడా వైద్యుడు చెప్పేవరకు ఆగండి.

మొదటి మెట్టు: మాట్లాడించడం

దీనికి కనీసం అరగంట కేటాయించండి. "మెట్లెక్కగలరా?" అని అడిగితే "ఓ, ఎక్కుతాను" అనే అంటారు. "చివరిసారి ఎప్పుడు ఎక్కారు?" అని అడగండి. "స్నానం ఎలా చేస్తున్నారు, నిలబడా, పీట మీద కూర్చునా?" అని అడగండి. పీట మీద కూర్చునేవారు కుర్చీకి మారారంటే ఎప్పుడు మారారో రాసుకోండి. గుడికి వెళ్ళడం మానేశారా? బస్సు మొదటి మెట్టు ఎత్తుగా ఉందని ప్రయాణాలు తగ్గించారా? సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు ఎవరి చేయి పట్టుకుంటున్నారు? కదిలే పంటు మీదికి గట్టు నుంచి కాలు మోపడం కంటే కఠినమైన నిలకడ పరీక్ష నా సంచిలో లేదు.

"పడ్డారా?" అన్న ప్రశ్నకు చాలామంది "పడలేదండి, జారాను" అంటారు. అందుకే పడటం, జారడం, గోడ పట్టుకుని ఆగడం, మూడింటినీ విడివిడిగా అడగాలి. గత ఏడాదిలో ఎన్నిసార్లు, ఎక్కడ, ఏ వేళలో అన్నది రాయండి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు పడటం వేరు, నాచు పట్టిన రేవు మెట్ల మీద జారడం వేరు. మొదటిది మనిషి ఒంట్లో సంగతి కావచ్చు. రెండోది మెట్ల సంగతి.

చేతుల గురించి ఇలాగే అడగండి. జాకెట్టు హుక్సులు ఎవరు పెడుతున్నారు? పూలు కట్టడం, తమలపాకుకు సున్నం రాయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం ఇప్పటికీ చేస్తున్నారా? బ్యాంకులో సంతకం కలవడం లేదని తిప్పి పంపారా? ఈ చివరి ప్రశ్నకు అవునన్నవారి పాస్‌బుక్కు తెప్పించి పాత సంతకాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

వాడుతున్న మందులన్నీ ఒక పళ్ళెంలో పెట్టించండి. నిద్ర మాత్రలు, బీపీ మాత్రలు, ప్రోస్టేటు మందులు కొందరిని తూలేలా చేస్తాయి. వాటిని మీరు ఆపకండి, జాబితా వైద్యునికి చూపండి.

రెండో మెట్టు: చోటు, సామాను

చేతులున్న గట్టి కుర్చీ ఒకటి, టేపు, సుద్దముక్క, ఫోనులో స్టాప్‌వాచ్, నోటు పుస్తకం చాలు. కుర్చీ సీటు నేల నుంచి 43 నుంచి 46 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, దాన్ని గోడకు ఆనించండి. వానాకాలంలో తడి అరుగు మీద ఈ పరీక్షలు పెట్టకండి. పంచె అంచు, చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడకుండా కాస్త పైకి దోపుకోమనండి. రోజూ వాడే చెప్పులు, కర్ర, కళ్ళద్దాలు, వినికిడి యంత్రం అన్నీ ఉండాలి. ఉదయం ఫలహారం అయ్యాక మంచి సమయం. ప్రతిసారీ అదే కుర్చీ, అదే వేళ పాటించండి. లేకపోతే పాత అంకెతో కొత్త అంకెను పోల్చలేం. పార్కిన్సన్స్ మందు వాడేవారైతే మాత్ర వేసుకుని ఎంతసేపైందో కూడా రాయాలి.

ఒకరు సమయం చూస్తే మరొకరు పక్కనే, ఒక అడుగు వెనుకగా, బలహీనంగా ఉన్న వైపు నిలబడాలి. తూలితే చేయి పట్టి లాగకండి, భుజం కీలు తప్పుతుంది. నడుము దగ్గర పట్టుకోండి.

మొదలుపెట్టే ముందు బీపీ చూడండి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మరోసారి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే ఆ రోజు నిలబెట్టే పరీక్షలు ఆపి వైద్యునికి చెప్పండి. ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగే పెద్దవారిలో ఇది తరచూ చూస్తాను.

మూడో మెట్టు: పెద్ద కదలికలు

మొదట కుర్చీలోంచి లేవడం. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. సమయం ముగిసేటప్పటికి సగం పైన లేచి ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. చేతుల ఊతం తీసుకోక తప్పకపోతే లెక్క సున్నా. కానీ "చేతులతో ఇన్నిసార్లు" అని పక్కన రాయండి, తర్వాతి పోలికకు పనికొస్తుంది. అమెరికా ఆరోగ్య శాఖ వాడే పట్టిక ప్రకారం 65 నుంచి 74 ఏళ్ళ మగవారు 12 కన్నా తక్కువసార్లు లేస్తే పడే ప్రమాదం ఎక్కువ. ఆడవారికి 65 నుంచి 69 ఏళ్ళ మధ్య 11, 70 నుంచి 79 మధ్య 10. 80 నుంచి 84 ఏళ్ళ వారికి మగవారైతే 10, ఆడవారైతే 9. అంకె కన్నా నేను ఎక్కువగా చూసేది తీరు. వెనక్కి దబ్బున కూలబడుతున్నారా? ఒక కాలి మీదే బరువు వేస్తున్నారా? తొడల్లో బలం లేకపోవడానికి విటమిన్ డి లోపం, థైరాయిడ్ వంటి సరిచేయదగ్గ కారణాలు ఉంటాయి.

ఆ పట్టికలు కుర్చీ జీవితానివి. మనవాళ్ళు నేల మీద కూర్చుని భోంచేసినవారు, వరి నాట్లలో రోజంతా వంగి నిలబడినవారు. అందుకే, మోకాళ్ళు సహకరించి వారికి ఇష్టమైతే, చాప మీద కూర్చుని లేవమంటాను. ఒక చేయి నేలకు ఆనించారా, మంచం పట్టుకున్నారా, ఎవరైనా లేపాల్సి వచ్చిందా అని రాస్తాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పడితే తాముగా లేవగలరా అన్నది దీనితో తెలుస్తుంది.

తర్వాత లేచి నడిచి వచ్చే పరీక్ష. 1991లో కెనడాలో రూపొందిన ఈ పరీక్షను టైమ్డ్ అప్ అండ్ గో అంటారు. కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. "మొదలుపెట్టండి" అనగానే లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఒకసారి అలవాటుకు, రెండోది లెక్కకు. 12 సెకన్లు గాని అంతకు మించి గాని పడితే జాగ్రత్త పడాలి. ఇక్కడ కళ్ళు పెట్టాల్సింది మలుపు మీద. రెండు మూడు అడుగుల్లో తిరగాల్సిన మనిషి ఏడెనిమిది చిన్న అడుగులు వేస్తూ తిరిగితే, ఒక చేయి ఊగకుండా పక్కనే బిగిసి ఉంటే, కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు మొదటి అడుగు పడకపోతే, ఆ మాటలు యథాతథంగా రాయండి. వీలైతే ఫోనులో వీడియో తీయండి, వారి అనుమతి అడిగి. వైద్యుని గదిలో రెండు అడుగులు వేయించి చూసేదానికన్నా అది ఎంతో మేలు.

నిలకడ పరీక్షకు మన చేను గట్లే గుర్తొస్తాయి. సన్నని గట్టు మీద ఒక పాదం ముందు ఒక పాదం వేసి నడిచినవారే వీరంతా. నాలుగు భంగిమలు, ఒక్కొక్కటి 10 సెకన్లు: పాదాలు పక్కపక్కన, ఒక పాదం బొటనవేలి మొదలు దగ్గరకు రెండో పాదం లోపలి వైపు ఆనించి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా ముందూ వెనుకా, చివరికి ఒంటికాలి మీద. మూడో భంగిమలో పది సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువ. ఏదైనా ఒకటి కుదరకపోతే తర్వాతిదానికి వెళ్ళకండి. నిలబెట్టి కళ్ళు మూయించే ప్రయోగాలు ఇంట్లో వద్దు. బదులుగా, "ముఖం కడుక్కునేటప్పుడు కళ్ళు మూస్తే తూలుతున్నారా?" అని అడగండి. అవునంటే పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. షుగరు, విటమిన్ బి12 లోపం గుర్తుకు రావాలి.

నడక వేగానికి నాలుగు మీటర్లు కొలిచి, ముందొక మీటరు, వెనుకొక మీటరు అదనంగా వదలండి. నడక వేగం సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువైతే, అంటే ఇక్కడ నాలుగు సెకన్లు దాటితే, కండ బలం తగ్గిందేమో చూడాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది. తర్వాత అదే నడకలో మాటల్లో పెట్టండి, "పెద్ద మనవరాలి పెళ్ళి ఏ నెలలో జరిగింది?" అని. జవాబు చెప్పడానికి ఆగిపోతే ఆ సంగతి రాయండి. మాట్లాడాలంటే నడక ఆపాల్సిన వారు ఆ తర్వాత పడే అవకాశం ఎక్కువని 1997లోనే గుర్తించారు.

భుజాలకు పరీక్ష చిన్నదే. తల దువ్వుకోమనండి, వెనుక ముడి వేసుకోమనండి.

నాలుగో మెట్టు: వేళ్ళ పని

ఇక్కడ తొందర పడకండి. చేతులు రెండూ ఒడిలో పెట్టించి, ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం చూడండి. ఊరికే ఉన్న చేయి వణుకుతూ, పని మొదలుపెట్టగానే వణుకు తగ్గితే ఒక దారి. ఊరికే ఉన్నప్పుడు నిలకడగా ఉండి, నిండు గ్లాసు ఎత్తగానే వణికితే ఇంకో దారి. మొదటిది పార్కిన్సన్స్ వైపు చూపిస్తుంది, చాలాసార్లు ఒక పక్కనే మొదలవుతుంది. రెండోది వేరే రకం వణుకు, కొన్ని కుటుంబాల్లో వంశంగా వస్తుంది. ఈ రెండింటికీ మందులు వేరు. బొటనవేలి మొదట్లో కండ పలచబడిందా, కీళ్ళు ఉబ్బాయా చూడండి. ఏళ్ళ తరబడి లేసు అల్లినవారికి, కొబ్బరి ఈనెలు చీల్చి చీపుర్లు కట్టినవారికి బొటనవేలి కీలు అరిగి ఉండడం నేను తరచూ చూస్తాను.

స్పర్శకు: కళ్ళు మూయించి అరచేతిలో రూపాయి బిళ్ళ, చింతగింజ, బొత్తాం ఒక్కొక్కటే పెట్టి ఏమిటో చెప్పమనండి. రెండు చేతులకూ విడివిడిగా.

పట్టు బలానికి డైనమోమీటర్ (పిడికిలి బలం కొలిచే పరికరం) ఉంటే కూర్చోబెట్టి, మోచేయి లంబకోణంలో ఉంచి మూడుసార్లు నొక్కించి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి. మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కన్నా తక్కువైతే కండ తగ్గుదలగా అనుమానించాలని అదే ఆసియా బృందం లెక్క. పరికరం లేకపోతే తడి తువ్వాలు పిండించండి. అంకె రాదు, కానీ పిండాక కూడా నీళ్ళు కారుతుంటే పట్టు తగ్గిందని ఆ తువ్వాలే చెబుతుంది.

వేళ్ళ చురుకుకు ఆసుపత్రుల్లో తొమ్మిది రంధ్రాల పలకలో పుల్లలు పెట్టి తీసే పరీక్ష ఉంది. ఇంట్లో నేను 20 చింతగింజలు వాడతాను. పళ్ళెంలోంచి ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేయాలి, ముందు వాటమైన చేయి, తర్వాత రెండోది. దీనికి ప్రామాణికమైన అంకె లేదు. ఒక చేతితో మరో చేతిని, ఈసారితో పోయినసారిని పోల్చడానికే ఇది. గింజ జారిపోయిందా, వేళ్ళ కొసలతో తీశారా, వేళ్ళ పక్కలతో దొర్లించి తీశారా అన్నదీ రాయండి. తర్వాత మూడు రూపాయి బిళ్ళలు అరచేతిలో ఉంచి, రెండో చేయి సాయం లేకుండా ఒక్కొక్కటిగా వేళ్ళ కొసకు తెచ్చి ఇమ్మనండి. బస్సు టికెట్టుకు చిల్లర తీసే పని ఇదే.

పిడికిలి పూర్తిగా మూసి తెరవడం 10 సెకన్లలో ఎన్నిసార్లు? ఆరోగ్యంగా ఉన్నవారు మామూలుగా 20 సార్లు గాని అంతకు మించి గాని చేస్తారు. బాగా తగ్గి, దాంతో పాటు నడక కూడా బిరుసుగా తూలుతూ ఉంటే మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందేమో చూపించాలి. ఈ జబ్బు చేతుల్లో ఒకటి, కాళ్ళలో ఒకటిగా కనిపించి రెండు వేర్వేరు జబ్బులని పొరబడేలా చేస్తుంది. మోకాళ్ళకు నెలల తరబడి నూనెలు రాసుకున్న వారిలో దీన్ని చూశాను.

చివరగా రాత. చిరునామా ఒక వాక్యం, సంతకం, సుడిలా తిరిగే ఒక గీత. రాస్తూ పోయేకొద్దీ అక్షరాలు చిన్నవైతే పార్కిన్సన్స్‌కు గుర్తు కావచ్చు, సుడి గీత వంకరలు పోతే పైన చెప్పిన రెండో రకం వణుకుకు గుర్తు కావచ్చు. చదువు రానివారికి ముగ్గు వేయమనండి. చుక్కల ముగ్గు కన్నా తెలుగింట మంచి పరీక్ష లేదు.

పరీక్షలన్నీ అయ్యాక భోజనం దగ్గర కూర్చోండి. కలపడం, ముద్ద చేయడం, నోటికి చేర్చడం. పల్చని చారు అన్నం వదిలేసి గట్టి పెరుగన్నమే తింటున్నారంటే రుచి మారిందనుకోకండి, వేళ్ళ సందుల్లోంచి జారుతోందేమో చూడండి.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆత్రేయపురంలో కుండ మీద పిండి పూసి, పొరను చిరగకుండా తీసిన పూతరేకుల చేతులున్నాయి. కడియం నర్సరీల్లో అంట్లు కట్టిన చేతులున్నాయి. అలాంటి చేయి పట్టికలోని సగటు అంకెకు దిగిందంటే, కాగితం మీద "మామూలే" అని ఉంటుంది, కానీ ఆ మనిషి ఎంతో పోగొట్టుకున్నట్టు. "ఇదివరకు ఎలా చేసేవారు?" అన్న ప్రశ్న లేకుండా ఏ అంకెనూ చదవకండి.

అయిదో మెట్టు: చదవడం, పంపడం

నోటు పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: "తేదీ, ఉదయం 9 గంటలు. చేతిలో కర్ర. కుర్చీ 8 సార్లు, చివర్లో కూలబడ్డారు. మూడు మీటర్లు 15 సెకన్లు, మలుపులో 7 అడుగులు, కుడి చేయి ఊగలేదు. మూడో భంగిమ 4 సెకన్లు. చింతగింజలు కుడి 48, ఎడమ 35 సెకన్లు. కుడిచేతి వాటం." వాటమైన చేయే వెనుకబడితే వెంటనే చూపించాలి. ఈ పేజీ తీసుకుని వెళ్తే వైద్యుని పని సగం అయినట్టే.

రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ళకు తిమ్మిరి వచ్చి చేయి విదిలిస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. కాళ్ళు నేలకు అతుక్కున్న నడకతో పాటు మూత్రం ఆగకపోవడం, మతిమరుపు కలిసి వస్తే మెదడులో నీరు చేరే జబ్బు ఒకటుంది, శస్త్రచికిత్సతో కొందరిలో బాగవుతుంది. వారాల్లోనే వేగంగా దిగజారినది ఏదైనా సరే ఆగకూడదు. బలం తగ్గడం మాత్రమే కనిపిస్తే ఫిజియోథెరపిస్టు దగ్గరకు, వేళ్ళ పని, ఇంటి పని కుంటుపడితే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంటే అక్కడికి, లేకపోతే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పెద్దవారి కోసం 14567 సహాయ నంబరు కూడా ఉంది.

ఫలితం ఎవరికి చెప్పాలి? ముందు వారికే. వారి తల మీదుగా కొడుకుతో గుసగుసలాడితే, వచ్చేసారి అన్నీ దాస్తారు. "నడకలో ఇది తగ్గింది మామ్మగారూ, దీనికి ఇలా చేద్దాం, మీరు తిరిగి ఏ పని చేయాలనుకుంటున్నారు?" అని అడగండి. నేను చెప్పిన మామ్మగారు "లేసు" అనలేదు. "అప్పుడప్పుడు రేవు దాకా వెళ్ళి కూర్చోవాలి" అన్నారు. మా వ్యాయామాలన్నీ ఆ రేవు మెట్ల కోసమే మొదలయ్యాయి. అల్లిక సంచి ఆమే తర్వాత తీశారు, లావు పిడి చుట్టిన సూదితో.

మూడు నెలలకు మళ్ళీ చేయండి. పడినా, మందు మారినా, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినా అంతకంటే ముందే. ఆ తేదీని గోడ క్యాలెండరు మీద వారి చేతే రాయించి, ఆ రాతను కూడా ఫొటో తీసి పుస్తకంలో అంటించండి.